11 రూబుళ్లు, 11 చుట్లు

బాలే డాన్సర్ మిఖాయిల్ బరిష్నికోవ్ పేరు వినకపోయినా ఆ క్లిప్ ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. ఖాళీ రిహార్సల్ హాలు, నేల మీద రూబుళ్లు, తోటి నటుడు గ్రెగరీ హైన్స్ పందెం కడతాడు, బరిష్నికోవ్ ఒంటికాలి మీద గిర్రున 11 చుట్లు తిరిగేస్తాడు. 1985లో వచ్చిన 'వైట్ నైట్స్' సినిమాలోది.

నేను చిన్నప్పుడు మూడేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను లెండి. భ్రమరి వేయమంటే మూడో చుట్టుకే గోడ ఎటుందో తెలిసేది కాదు, మాస్టారేమో "చూపు ఒకచోట పెట్టమ్మా" అని మొత్తుకునేవారు. ఆయన చెప్పిందేంటో ఈ క్లిప్ స్లో చేసి చూస్తే అర్థమైంది. ఒళ్లంతా తిరిగిపోతున్నా తల మాత్రం ఎదురుగానే ఉండిపోతుంది, ఇక ఆగడం కుదరదన్నప్పుడు చటుక్కున తిరిగి మళ్లీ అందరికంటే ముందే వచ్చేస్తుంది. 11 సార్లూ అంతే.

ఆ సినిమాలో అతని పాత్ర సోవియట్ యూనియన్ నుంచి పారిపోయిన డాన్సర్. విమానం ప్రమాదంలో పడి సైబీరియాలో దిగుతుంది, అంటే పారిపోయిన చోటికే వచ్చి పడతాడన్నమాట. పారిపోవడం వరకు అసలు మనిషి కథా అదేగా! 1948లో రీగాలో పుట్టి, లెనిన్‌గ్రాద్‌లో నేర్చుకుని, అక్కడి కిరోవ్ బాలే బృందంలో స్టార్ అయ్యాక 1974 జూన్ 29న టొరంటోలో ప్రదర్శన అవగానే బయట మూగిన అభిమానుల్ని దాటుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. వెనక్కి పట్టుకుపోతారనే టెన్షన్ అతను కొత్తగా నటించాల్సిన పని లేదు.

మూడేళ్లు తిరిగేసరికి 'ది టర్నింగ్ పాయింట్', అదే అతని మొదటి హాలీవుడ్ సినిమా. అందులోనూ రష్యన్ డాన్సరే. దానికి సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం జేసన్ రోబార్డ్స్‌కి వెళ్లింది. ఆ సినిమాకి మొత్తం నామినేషన్లు కూడా 11, గెలిచింది సున్నా. (ఈ 11 ఏంటో ఇతన్ని వదలదు.) నిజం చెప్పాలంటే డైలాగుల దగ్గర నాకు అంత గొప్పగా ఏమీ అనిపించలేదు, డాన్స్ మొదలయ్యేదాకా ఓపిక పట్టి చూశాను.

నటుడిగా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది, డాన్స్ అనే ఊతకర్ర లేకుండా అతను చేసినవి. 1989లో న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేలో, కాఫ్కా రాసిన 'మెటమార్ఫసిస్' కథని నాటకంగా వేశాడు. పొద్దున్న లేచేసరికి పురుగైపోయిన మనిషి పాత్ర, అయినా పురుగు వేషం లేదు, అంతా ఒంటితోనే చూపించాలి. దానికి టోనీ (నాటకాలకిచ్చే అవార్డు) నామినేషన్ వచ్చింది. అప్పటికే మోకాళ్లకి ఆపరేషన్లు అయిన మనిషి, పైగా దాదాపు పదేళ్లు అమెరికన్ బాలే థియేటర్ అనే డాన్స్ సంస్థని నడిపాడు కూడా, ఆ ఏడాదే బయటికొచ్చాడు.

ఇక 'సెక్స్ అండ్ ద సిటీ' టీవీ సిరీస్ చివరి సీజన్లో హీరోయిన్ ప్రేమించే పెట్రోవ్‌స్కీ పాత్ర. మళ్లీ రష్యనే, కానీ ఈసారి డాన్సర్ కాదు, ఆర్టిస్ట్. అప్పటికి వయసు యాభై దాటి చాలాకాలమే అయింది. గదిలో ఊరికే అటూ ఇటూ నడిచినా వెన్ను ఎక్కడా వంగదు, నేను డైలాగులు వదిలేసి ఆ నడకే చూస్తూ కూర్చున్నాను.

మా చెల్లి అయితే "ఈ ముసలాయనెవరే, హీరోయిన్ పక్కన అస్సలు బాలేదు" అంది. సమాధానం చెప్పకుండా ఆ క్లిప్ పంపించాను. అర్ధరాత్రి దాటాక మెసేజ్ వచ్చింది, "రెండుసార్లు లెక్కపెట్టా. పదకొండే."