హెరాల్డ్‌కు మరో ఐదేళ్లు

మా ఇంట్లో ఉన్నది 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్. రెండు తలుపుల బండి, 948 సీసీ ఇంజను. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో 1959లో వచ్చిన కారునే మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. ఆకారం గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. నాన్నగారు దీన్ని విశాఖపట్నంలో పాతదిగా కొన్నారు. ఆయన పోయాక నా పేరుకు మారింది. విజయనగరంలో నా అసలు పేరు తెలియనివాళ్లు కూడా ‘హెరాల్డ్ మాస్టారు’ అంటే ఇల్లు చూపిస్తారు.

పాత ఆర్‌సీ గడువు 2025 చివరి దాకానే ఉండేది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కిందటిసారి, అంటే 2020లో, అందుకు ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 10,000 అన్నారు. పాత బండ్లను వదిలించుకోమని సర్కారు చెప్పకనే చెబుతోంది. పొగ సంగతి నేనూ కాదనను. అయితే పదేళ్లకు మూడు కార్లు మార్చేవాడు పర్యావరణం గురించి నాకు పాఠం చెబితే మాత్రం వినబుద్ధి కాదు.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో ఇంకో దారి చెప్పాడు. ‘‘యాభై ఏళ్లు దాటింది కదా నాన్నా, వింటేజ్ కింద నమోదు చేయించండి’’ అన్నాడు. ఆ నిబంధన 2021లో వచ్చింది. కొత్తగా నమోదుకు 20,000, పదేళ్ల గడువు. అసలు రూపం పెద్దగా మారకుండా ఉండాలి. అంతా బాగానే ఉంది కానీ, అలా నమోదైన బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజువారీ పనులకు బయటికి తీయకూడదు. నేను దీన్ని కూరల మార్కెట్‌కు తీసుకెళ్తాను. రామతీర్థం వెళ్తాను. గంటస్తంభం దగ్గరి ఇరుకు సందుల్లో ఇది తిరిగినట్టు ఇంకే కారూ తిరగదు. పాతిక అడుగుల చోటు ఉంటే పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. దండ వేసి గదిలో కూర్చోబెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. మామూలు పొడిగింపుకే, ఫారం 25తోనే వెళ్దామనుకున్నాను.

దరఖాస్తు సంగతి ఒక్క పూటలో తేలిపోతుంది. బండిని తనిఖీకి నిలబెట్టడమే అసలు పని.

మా మేస్త్రికి హెరాల్డ్ అంటే ఇష్టం. కారణం దాని బానెట్. రెండు పక్కలా కొక్కేలు తీస్తే బండి మూతి మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు ఒరుగుతుంది. ఇంజను, స్టీరింగు, ముందు చక్రాల పనితనం అంతా బయటపడుతుంది. ఆయన ముందు టైరు మీదే దర్జాగా కూర్చుని పని చేసుకుంటాడు.

పేచీ అంతా ఆ చక్రాల దగ్గరే. ముందు చక్రం కింది భాగాన్ని పట్టి ఉంచే ఇత్తడి దిమ్మ ఒకటుంది, ట్రనియన్ అంటారు. నిలువు కడ్డీ మరలు అందులోకి దిగి ఉంటాయి. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ మరల మీదే చక్రం తిరుగుతుంది. చూడటానికి గ్రీజు కొట్టే చోటులాగే ఉంటుంది. కానీ అక్కడ పోయవలసింది గ్రీజు కాదు, చిక్కటి గేరు నూనె. గ్రీజు గట్టిపడి మరల్లోకి దిగదు, తేమ చేరుతుంది, లోపల కడ్డీ తుప్పు పడుతుంది. ఒక రోజు మలుపులో అది విరిగి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. నాన్నగారు గేరు నూనెకు విడిగా ఒక గన్ను ఉంచి, దాని మీద ఎర్ర రంగుతో ‘ముందు చక్రాలు’ అని రాసి పెట్టారు. ఇప్పటికీ మేస్త్రి దాన్నే అడిగి తీసుకుంటాడు. ఈసారి కుడివైపు దిమ్మ అరిగి వదులైనట్టు కనిపించింది. కొత్తది ఇంగ్లండు నుంచి తెప్పించాం. హెరాల్డ్ చాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే, కుదించి అక్కడ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారునూ, దాని మీద జీటీ6 అనే కూపే కారునూ తయారు చేశారు. వాటి అభిమానుల పుణ్యాన ఇలాంటి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. కస్టమ్స్ సుంకం మాట మా ఆవిడ ముందు ఎత్తను.

పెట్రోలు గొట్టాలన్నీ మార్చేశాం. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరును అది మెత్తబరిచి పగలగొడుతుంది. పంపు లోపలి పొర కూడా ఇథనాల్‌ను తట్టుకునేది వేయించాను. ఇంత పాత బండి ఉన్నవాళ్లు ఇంకేది వాయిదా వేసినా దీన్ని వేయకండి. వేడి ఇంజను మీద పెట్రోలు బొట్టు పడితే ఆర్పడానికి ఎవరూ మిగలరు.

తర్వాత పొగ పరీక్ష. హెరాల్డ్ కాలపు పాత కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మేస్త్రి కార్బురేటర్ మర ఒక పావు చుట్టు బిగించి చెవి ఒగ్గి వింటాడు, మళ్లీ కొంచెం వదులుతాడు. యంత్రం చూపించిన అంకె ఆయన చెవి చెప్పినదాన్ని బలపరిచింది.

దరఖాస్తుకు చాసిస్ నెంబరు పెన్సిల్ అచ్చు కావాలి. బానెట్ లోపలి ప్లేటు మీద ఎన్ని దఫాల రంగు పడిందో! కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పలుచని కాగితం పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టి మెల్లగా రుద్దితే అక్షరాలు తెల్లగా తేలాయి. తీరా చూస్తే కంప్యూటర్‌లోని నెంబరులో చివరి అక్షరం లేదు. పాత మూడక్షరాల నెంబరు బండ్లకు రిజిస్టరు నుంచి ఎక్కించేటప్పుడు ఇలాంటివి జరుగుతాయట. పాత ఆర్‌సీ పుస్తకం నన్ను ఆదుకుంది. 2014 హుద్‌హుద్ తుపానుకు షెడ్డు రేకులు ఎగిరిపోయినా, ఇనుప బీరువాలో ఉన్న పుస్తకానికి ఏమీ కాలేదు. దాన్నీ పెన్సిల్ అచ్చునూ పక్కపక్కన పెట్టి చూపితే దిద్దారు. దానికి కొంత కాలం పట్టింది.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు. లోపల కూర్చుని బానెట్ తీసే మీట కోసం డాష్‌బోర్డు కింద తడుముతున్నాడు. ‘‘అక్కడ కాదు బాబూ, బయట’’ అని కొక్కేలు తీసి మూతి ఒరగదీశాను. ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత దీపాలు, హారను, వైపర్లు, బ్రేకులు అన్నీ వరసగా చూశాడు. ‘‘నడిపి చూడవచ్చా మాస్టారూ?’’ అన్నాడు. ఇచ్చాను. ఒకటే మాట చెప్పాను: మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీయవద్దని. వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే ఏర్పాటు ఇది. బరువు తేలగానే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. ఇక్కడి మెకానిక్కులకు ఆ ఏర్పాటు నచ్చక, 1972లో దీని తర్వాతి మోడల్ గెజెల్ తెచ్చినప్పుడు కంపెనీయే దాన్ని తీసేసి మామూలు ఇరుసు వేసింది. నాకైతే హెరాల్డే ఇష్టం. కుర్రవాడు నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తెచ్చి, సంతకం పెట్టాడు.

కొత్త ఆర్‌సీ 2030 దాకా. ఇంజను వెయ్యి సీసీ లోపే కాబట్టి థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2,094 రూపాయలే, పైన పన్ను. ఇక మిగిలింది డిక్కీ అడుగు రేకు. సముద్రపు గాలికి అంచులు చిల్లులు పడ్డాయి. ఇంగ్లండు రేకు తెప్పిస్తే ఖర్చు మోపెడు; మేస్త్రి ఇక్కడే కొట్టించేద్దామంటున్నాడు. సంక్రాంతి వెళ్లాక షెడ్డులో పెట్టాలి.