డిగ్ లేబుల్‌తో సదరన్ బ్లాట్: నా అనుభవం

సదరన్ బ్లాట్ అంటే డీఎన్‌ఏను కోసి, జెల్‌లో సైజుల వారీగా వేరుచేసి, మెంబ్రేన్ అనే పొర మీదికి ఎక్కించి, కావాల్సిన ముక్కను ప్రోబ్‌తో (దానికి అంటుకునే, గుర్తు వేసిన డీఎన్‌ఏ ముక్క) పట్టుకోవడం. హిమోగ్లోబిన్‌కు కావాల్సిన ఆల్ఫా గ్లోబిన్ జన్యువుల చోట 3.7 కిలోబేస్ (కిలోబేస్ అంటే వెయ్యి అక్షరాల డీఎన్‌ఏ పొడవు) ముక్క పోయిందో లేదో చూడటానికి అనంతపురంలో మేం రేడియోధార్మిక ఫాస్ఫరస్ పీ-32 జోలికి పోం. దాని అర్ధాయువు 14.3 రోజులే, లైసెన్సు, వ్యర్థాల బాధ వేరే. డిగ్ (డిగాక్సిజెనిన్, రేడియోధార్మికత లేని గుర్తు) వేసిన ప్రోబ్ మైనస్ 20 డిగ్రీల్లో ఏడాది నిలుస్తుంది. వాడిన ప్రోబ్ ద్రావణాన్నే మళ్లీ వాడుకోవచ్చు.

ప్రోబ్‌ను పీసీఆర్‌తో (డీఎన్‌ఏకు నకళ్లు తీసే పద్ధతి) చేస్తాను. ఈ జన్యువులో జీసీ (గట్టిగా అతుక్కునే జీ, సీ అక్షరాలు) ఎక్కువ, డీఎంఎస్‌ఓ (ఆ పట్టు సడలించే ద్రావకం) లేకుండా సరిగా రాదు. పక్కనే డిగ్ వేయని ట్యూబు ఒకటి తప్పకుండా పెట్టాలి. జెల్ మీద డిగ్ ఎక్కిన ముక్క కాస్త వెనకబడుతుంది. రెండూ ఒకే చోట ఉన్నాయంటే లేబుల్ ఎక్కలేదు, అక్కడే ఆగిపోండి. ప్రోబ్‌ను ఫినాల్‌తో శుద్ధి చేయొద్దు, డిగ్ వల్ల ప్రోబ్ ఫినాల్‌లోకి వెళ్లిపోతుంది. ప్రోబ్ రెండు పోగులను సోడియం హైడ్రాక్సైడ్‌తో విడదీయొద్దు, డిగ్ ఊడిపోతుంది. బదులుగా 95 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టాలి.

10 మైక్రోగ్రాముల డీఎన్‌ఏను బామ్‌హెచ్1 అనే కోత ఎంజైమ్‌తో రాత్రంతా కోసి, 0.8 శాతం జెల్‌పై నెమ్మదిగా నడుపుతాను. తర్వాత జెల్‌ను 0.25 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 10 నిమిషాలు. ఇది మానేస్తే 14 కిలోబేస్ పెద్ద ముక్క జెల్ వదిలి మెంబ్రేన్‌కు ఎక్కదు, ఎక్కువసేపు ఉంచితే ముక్కలు మరీ చిన్నవైపోతాయి.

డిగ్ ఈజీ హైబ్ అనే ద్రావణంలో ప్రోబ్‌ను మెంబ్రేన్‌తో ఉంచేటప్పుడు మామూలుగా చెప్పే 42 డిగ్రీలు ఇక్కడ చాలవు, 50 దగ్గర ఉంచాలి. రాత్రి కరెంటు పోయి వేడి తగ్గితే ప్రోబ్ కానిచోటల్లా అంటుకుంటుంది. 0.5 ఎక్స్ ఎస్‌ఎస్‌సీ (ఉప్పు బఫర్), 0.1 శాతం ఎస్‌డీఎస్ (డిటర్జెంట్) కలిపి 68 డిగ్రీల్లో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు కడిగితే చాలావరకు పోతుంది.

మెంబ్రేన్ మీద నల్ల చుక్కలు పడుతున్నాయా? డిగ్‌ను పట్టుకునే యాంటీబాడీ సీసాను వాడే ముందు 10,000 ఆర్‌పీఎంలో 5 నిమిషాలు తిప్పండి. 1:5000 పలుచన చాలు. ఫాస్ఫేట్ బఫర్ ఎక్కడా వద్దు, యాంటీబాడీకి అతికించిన ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పని మందగిస్తుంది. మేలిక్ ఆమ్లం బఫర్‌తోనే కడగాలి. గది ఉష్ణోగ్రత అని రాసిన చోట 15–25 డిగ్రీలని అర్థం. మా ఎండల్లో ఏసీ గదిలోనే చేయాలి. మెంబ్రేన్ అంచు ఆరిందంటే అక్కడ మచ్చ ఖాయం. ఎన్‌బీటీ, బీసీఐపీ (ఆ ఎంజైమ్ ఉన్నచోట రంగు తేలే రసాయనాలు) పోశాక చీకట్లో, కదపకుండా ఉంచాలి.

14 కిలోబేస్ దగ్గర ఒక్క బ్యాండే (రంగు గీత) ఉంటే ఈ లోపం లేనట్టు. 10 పైచిలుకు దగ్గర కూడా ఉంటే ఒక క్రోమోజోమ్‌లో ముక్క పోయినట్టు. 4.2 కిలోబేస్ ముక్క పోయినా బ్యాండ్ ఇంచుమించు అక్కడే పడుతుంది కాబట్టి బీజీఎల్2 అనే వేరే కోత ఎంజైమ్‌తో మరో బ్లాట్ వేశాకే రిపోర్టు రాస్తాను.