మా పాటల గిర్ని చప్పుడు: నా అనుభవం

మొన్న ఆదివారం రాత్రి మా నాలుగు పాటలు ఆన్‌లైన్ల ఎక్కినయి. మూడు రోజులు కాలే, ఎక్కించకముందు ఒక స్టూడియోల మా పాటకు జరిగినదాని మీద కోపం ఇంకా చల్లారలే. చల్లారినంక రాస్తే మర్యాదగ రాస్త, అందుకే ఇప్పుడే రాస్తున్న.

ముందు మేమెవరమో చెప్త. నేను పెళ్లి ఆర్కెస్ట్రాల ఆక్టోప్యాడ్ (కర్రలతోని కొట్టే కరెంటు డ్రమ్ముల పలక) వాయిస్త, పదకొండేండ్ల సంది. బరాత్ బండి మీద నిలబడి, జనరేటర్ పొగ పీల్చుకుంట నాలుగు గంటలు ఆగకుండ వాయించినదాన్ని. స్టాండు, వైర్లు, ప్యాడు అన్నీ బిగించనీకె నాకు నాలుగు నిమిషాలు చాలు, మా ట్రూపుల మొగోళ్లకు పది పడ్తయి. అయినా నాకు పదిహేను వందలు, వాళ్లకు రెండు వేలు. రెండో మనిషి గిటార్ అక్క. చర్చిల ఆరాధనకు ఇరవై ఏండ్ల నుంచి వాయిస్తుంది, సౌండ్ ఎక్కువైతే ముందు వరుసల పెద్దలు వెనక్కి తిరిగి చూస్తరు. మూడోది పాట చెల్లె. జానపదాలు పాడ్తది. ఆమె గొంతు లక్షల మంది విన్నరు, ఆమె మొఖం ఎవ్వరికీ తెల్వదు. వీడియోల ఇంకో అమ్మాయి పెదాలు ఆడిస్తది.

అంటే ముగ్గురికీ అసలు పని వేరే ఉంది, ముగ్గురం గలిసి సొంత పాటలు కట్టుడు పక్క పని. పైసలు రావు, అందుకే దీంట్ల "జర తగ్గించమ్మా" అనేటోడు లేడు.

అక్క బిడ్డ హైదరాబాద్‌ల చదువుతది. దసరాకు వచ్చినప్పుడు ఆ పిల్లనే మాకు ఈ పిచ్చి ఎక్కించింది. 1960లల్ల అమెరికాల పోరగాండ్లు ఇంట్ల కారు పెట్టుకునే గ్యారేజ్‌ల గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయిస్తుండె, వచ్చింది గిటార్ మీద రెండు మూడు స్వర గుత్తులే (కార్డ్స్), అయినా ఇల్లు ఎగిరిపోయేటట్టు. గ్యారేజ్ రాక్ అన్న పేరు అట్లొచ్చింది. 2003ల వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాల చెప్పుల్లేని కాళ్లతోని వాయించే ముగ్గురు జపాన్ ఆడోళ్లను చూపెట్టింది. బ్యాండ్ పేరు ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్స్, టోక్యోల 1986 సంది ఉన్నరు. ఇంకొకటి బ్రీడర్స్. పిక్సీస్‌ల బాస్ గిటార్ వాయించే కిమ్ డీల్, త్రోయింగ్ మ్యూజెస్‌ల ఉన్న తాన్యా డోనెల్లీ, తమ తమ బ్యాండ్లల్ల పాటలు ఎక్కువ వేరేటోళ్లే రాస్తుంటే, ఇద్దరు గలిసి పక్క పనిగ పెట్టుకున్నరు. 1990ల మొదటి ఆల్బమ్ వచ్చింది. ఇది విని పాట చెల్లె "మన కథనే గదా అక్కా" అన్నది. నాకైతే ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క సమజు కాలే. కానీ ఆ గిటార్ గీరుకపోయే చప్పుడు విన్నంక, పెండ్లిల ఇంత శుభ్రంగ ఎందుకు వాయిస్తున్నమా అనిపించింది.

మా దిక్కు కార్లకు గ్యారేజ్‌లు యాడియి, షట్టర్లే. పాత పాలమూరు దిక్కు ఒక ఖాళీ షట్టర్ దొరికింది, నెలకు రెండు వేలు. పక్కన పిండి గిర్ని. గిర్ని పక్కన ఎవ్వరూ దుకాణం పెట్టరు గనుకనే అంత అగ్గువ. మాకు అదే మేలయింది. ఇండ్ల మధ్య చప్పుడు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరం సంది రూల్ ఉంది, రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాకా మైకులు బంద్. ఎనిమిది దాకా గిర్ని నడిచే గల్లీల మా ముగ్గురి చప్పుడు ఎవరికి వినవడ్తది? పోలీసు గిలీసు ఎవ్వరూ రాలే.

రికార్డింగ్ ఫోన్‌లనే. ప్లాస్టిక్ స్టూల్ మీద తువ్వాల మడిచి, దాని మీద ఫోను. ఫోన్‌ను కదపలే, మేమే జరిగినం. చెల్లె గొంతు మునిగితే ఆమెనే ఒక అడుగు ముందుకు, గిటార్ ఎక్కువైతే అక్క గోడ దిక్కు. అక్క తెచ్చిన ఆంప్ (గిటార్ చప్పుడును పెంచే స్పీకర్ పెట్టె) చర్చిల పక్కకు పడేసింది, స్పీకర్ కాగితం ఒక దిక్కు చిరిగి ఉంది, తీగ ముట్టంగనే గర్రుమంటది. బాగు చేపిద్దామంటే అక్క బిడ్డ మొత్తుకుంది. అమెరికాల లింక్ రే అనే గిటారిస్టు 1958 కాలంలనే ఇదే చప్పుడు కోసం మంచి స్పీకర్‌కు పెన్సిల్‌తోని రంధ్రాలు పొడిచిండంటరట.

ఫోన్‌ల ఇంకో తమాష ఉంది. చప్పుడు పెద్దగయితే అదే తగ్గిస్తది, చిన్నగయితే అదే పెంచుతది. నేను గట్టిగ ఒక్క దెబ్బ కొడితే చెల్లె గొంతు కిందికి పోయి, మళ్లీ ఊపిరి తీసినట్టు పైకొస్తది. పెద్ద స్టూడియోల ఇది తప్పు. మాకైతే పాట బతికి ఉన్నట్టనిపించింది. ఇట్ల గరుకుగనే ఉంచే రికార్డింగ్‌ను లో-ఫై అంటరట. 1979ల టాస్కామ్ కంపెనీ క్యాసెట్ మీదనే నాలుగు ట్రాకులు వేరువేరుగ ఎక్కించే పెట్టె తెచ్చినంక, ఇంట్ల కూసోని రికార్డు చేసుకునుడు ఎక్కువైంది. ఆ క్యాసెట్ బుసబుసలు కూడా ఆ పాటలల్ల ఒక వాయిద్యమే.

ఇప్పుడు అసలు సంగతి. మూడో పాటకు తాళం నాది కాదు, గిర్నిది. గిర్ని బెల్టుకు ఒక అతుకు ఉంది, చక్రం మీదికి వచ్చినప్పుడల్లా టప్ మంటది. గోడ అవతల నుంచి టప్, టప్, టప్. నేను ఎంత వద్దనుకున్నా చెయ్యి దానితోనే పోతది, ఇగ దాని మీదనే పాట కట్టినం. ఎవరన్న జొన్నలు గుమ్మరిస్తే బరువుకు బెల్టు జారి, టప్‌కు టప్‌కు మధ్య ఎడం పెరుగుతది. మేము గూడ నెమ్మదయితం. జొన్నలు దిగినంక మళ్లీ అందుకుంటది, మేమూ అందుకుంటం. రికార్డు చేసిననాడు రెండో చరణంల సరిగ్గ అట్లయింది. ఆ జాగకు మేము పెట్టుకున్న పేరు "జొన్నలు".

ఇంత దాకా మంచిగనే ఉండె. నాకే బుద్ధి లేక, ఒక్కసారి స్టూడియోల చూపెడదాం, చివరి మెరుగు పెట్టిస్తరు అన్న. హైదరాబాద్ పోనీకె పైసలేం కావు, 2023 డిసెంబర్ సంది ఆడోళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సుల జీరో టికెట్. ఎందుకైనా మంచిదని ఆంప్ గూడ పట్టుకున్నం, అది మోయనీకె మా తమ్ముణ్ణి తోలుకపోయినం. వాని ఒక్కనికే టికెట్ పడ్డది. వాణ్ణి తోలుకపోవుడే పెద్ద తప్పు. మీరు పోతే మొగపిల్లగాండ్లను తోలుకపోకున్రి, ఆంప్ మీరే మోసుకోన్రి.

స్టూడియో పేరు రాయను. ఏసీ, నల్ల సోఫా, సోఫా మీద ముగ్గురు పిల్లగాండ్లు ఫోన్లు చూసుకుంట. సారు మా మొఖాలు చూడలే. మా తమ్మునికి కుర్చీ చూపెట్టి "చెప్పండి సార్, కాన్సెప్ట్ ఏంటి?" అన్నడు. మా తమ్ముడు సెల్ పౌచులు అమ్ముతడు. "నాకేం ఎరుక సార్, అక్కనడుగున్రి" అన్నడు. అయినా సారు మెడ మా దిక్కు తిరగలే. "మ్యూజిక్ ఎవరు చేశారు? ఆయనకు ఫోన్ కలపండి" అన్నడు. "మేమే చేసినం సార్" అని అక్క అంటే, "అది సరేనమ్మా, కంపోజర్ ఎవరు?" అని మళ్లీ అదే.

మూడో పాట పెట్టిండు. పెద్ద స్పీకర్లల్ల మా గిర్ని మొదలైంది. ఇరవై సెకండ్లు వినంగనే ఆపి, "ఇది రఫ్ కదా, అసలు ట్రాక్ ఏది?" అన్నడు.

"ఇదే సార్."

సోఫా మీది పోరడొకడు తల ఎత్తకుండనే "గిర్నిల పాడిన్రా ఏంది?" అన్నడు. ముగ్గురూ నవ్విన్రు. సారూ నవ్విండు. వాడన్నది నిజమే, గిర్ని గోడకు ఆనుకోనే పాడినం. అవును గిర్ని పక్కనే, ఆ టప్ మీదనే కట్టినం అని నేను చెప్పాలె గదా! నోరు రాలే. బరాత్‌ల తాగినోళ్ల మధ్యన నిలబడి వాయించినదాన్ని, ఏసీ రూముల ఆ నవ్వుకు చెవులు ఎర్రగయి, దొంగతనం దొరికినట్టు కూసున్న.

తర్వాత రెండు గంటలు మా పాటను మా ముందలనే శుభ్రం చేసిండు. పాట అందుకోకముందు గిర్ని ఒక్కటే వినవడే రెండు సెకండ్లు ఎంచి, ఇది చెత్త అని కంప్యూటర్‌కు చూపెట్టిండు. కంప్యూటర్ ఆ చెత్తను పాట మొత్తంల నుంచి ఏరేసింది. గొంతును, డ్రమ్ములను విడగొట్టిండు. నా దెబ్బలన్నీ ఒక గీత మీదికి జరిపిండు, కొన్నిటి జాగల తన దగ్గరున్న డ్రమ్ములు పెట్టిండు. చెల్లె ఒక కాడ గొంతు జారుస్తది, మా ఊర్లల్ల ఆడోళ్లు ఏడ్సుకుంట పాడేటప్పుడు జారిచ్చినట్టు. ఆ జారుడును ఆటోట్యూన్ (స్వరాన్ని సరిజేసే సాఫ్ట్‌వేర్) పెట్టి మెట్లు మెట్లుగ కోసిండు. పైన ఒక పిల్లనగ్రోవి ఎక్కించిండు. ఎవరడిగిన్రు పిల్లనగ్రోవి?

మా పాలమూరుకు 2022ల పద్మశ్రీ తెచ్చిన మొగులయ్య తాత పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకోని ఆ సారు కాడికి పోతే, సొరకాయ బుర్రల గూంగూం కూడా చెత్తనే అని ఏరేసి, తీగ ఒక్కటే మిగిల్చేటోడేమో. ఇదంతా నాకు ఇప్పుడు యాదికొస్తుంది. అప్పుడు ఆయన వినిపించి "ఎట్లుంది?" అని, అదీ తమ్ముణ్ణే అడిగితే, నేనే ముంగట పడి "బాగుంది సార్" అన్న. దాచుకునేదేముంది, నేనే అన్న. ఆరు వేలు ఫోన్‌ల కొట్టిన. ఇగ దయ గల్లోని లెక్క "కాపీరైట్ చేయించకపోతే ఎవరైనా ఎత్తుకుపోతారు, పది వేలిస్తే నేనే చేయిస్తా" అన్నడు. అది మాత్రం అక్క ఆపింది, ఆమెకు వెయ్యి దండాలు.

ఫైల్ ఫోన్‌లకు వచ్చింది. దాని పేరు "లేడీస్ ఫైనల్ 2".

బస్సుల ఒక ఇయర్‌ఫోన్ నాకు, ఒకటి చెల్లెకు. శంషాబాద్ దాకా ఇద్దరం ఏం మాట్లాడలే. షాద్‌నగర్ దాటినంక రెండో చరణం రెండోసారి వచ్చినప్పుడు చెల్లె ఇయర్‌ఫోన్ తీసి "అక్కా, జొన్నలెక్కడ?" అన్నది.

లేవు. ఎడం పెరుగుడు లేదు, మళ్లీ అందుకునుడు లేదు. ఎవరో ముగ్గురు ఆడోళ్లు జొన్నలు లేని ఊర్ల వాయించినట్టుంది. జడ్చర్ల వచ్చే వరకు చెల్లె కిటికీ దిక్కే చూసింది. నాకు ఆరు వేల కన్నా "బాగుంది సార్" అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటనే ఉంది.

ఇగ మిగిలిందంతా సులువే. లేడీస్ ఫైనల్‌ను పక్కన పెట్టి, ఫోన్‌ల ఉన్నది ఉన్నట్టు ఎక్కించినం. అక్క బిడ్డ వేవ్ ఫైల్‌గ మార్చి ఇచ్చింది. ఐఎస్‌ఆర్‌సీ అని పాటకొక పన్నెండు అక్షరాల నంబర్ ఉంటది, మన పాటను యాప్‌లల్ల ఎక్కించే కంపెనీయే ఇచ్చింది, దానికి వేరే పైసలు అడిగితే ఒకసారి ఆలోచించున్రి. సౌండ్ పెద్దగ కొట్టిస్త అని స్టూడియోలోళ్లు చెప్పేది గూడ ఉత్తదే. స్పాటిఫై లాంటి పాటల యాప్‌లు అన్ని పాటలనూ ఇంచుమించు ఒకే సౌండ్‌కు దించుతయి, మీరు పైసలు పెట్టి పెంచింది వాళ్లు ఫుకట్‌ల తగ్గిస్తరు.

కాపీరైట్ సంగతి. 1957 చట్టం ప్రకారం పాట కట్టంగనే హక్కు మీదే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కోర్టు దాకా పోతే సాక్ష్యానికి పనికొస్తదని చేసుకోవాలనుకుంటే రాత, బాణీ ఒక్కోదానికి 500, సౌండ్ రికార్డింగ్‌కు 2,000 ఫీజు, ఆన్‌లైన్ల మీరే కట్టుకోవచ్చు. పది వేలు ఏ లెక్కన అడిగిండో నాకిప్పటికీ అంతుపట్టలే. రికార్డింగ్ మీద హక్కు దాన్ని తలకెత్తుకోని చేయించినోళ్లది, కాబట్టి స్టూడియోకు పైసలిస్తే మీ పేరు మీద రసీదు తీసుకోన్రి. మేము తీసుకోలే.

సౌండ్ బాగలేదని ఆ ఎక్కించే కంపెనీయోళ్లు వాపస్ కొడ్తరేమో అని రెండు రోజులు నిద్ర లేదు. వాపస్ కొట్టిన్రు, కానీ సౌండ్‌కు కాదు. కవర్ మీద మా షట్టర్ ఫొటో పెట్టినం, మూడు వేల పిక్సెల్స్‌కు మూడు వేలు, సక్కగ చదరంగ. ఆ షట్టర్ మీద "అద్దెకు ఇవ్వబడును" అని పెయింట్‌తోని ఓనర్ సెల్ నంబర్ రాసి ఉంది. కవర్ మీద ఫోన్ నంబర్ ఉండొద్దట. షట్టర్ సగం లేపి మళ్లీ ఫొటో తీసినం, రెండో రోజుకు పాసైంది.

నిన్న పొద్దుమీకి గిర్ని తాతకు మూడో పాట వినిపించిన. చేతులకు పిండి, ఫోన్ ముట్టుకోలే. నేనే ఆయన చెవు కాడ పట్టుకున్న. పాట మొత్తం కండ్లు మూసుకోని విన్నడు. జొన్నలు వచ్చిన కాడ తల ఊపిండు. నాకు పద్మశ్రీ వచ్చినంత పనైంది.

"వినవడ్తుందా బిడ్డా? అతుకు లేసింది" అన్నడు. "నేను పక్కనే ఉండి పసిగట్టలే. తెగితే ఎవని మీదనన్న పడ్తది. రేపే కొత్త బెల్టు ఏపిస్త."

"తాతా, ఆదివారం దాకా ఆగు. ఇంకో పాట ఉంది."

"జొన్నలొచ్చే దినాలు, ఎట్ల ఆగుతది?" అని హాపర్ల ఇంకో సంచి గుమ్మరిచ్చిండు.