గెలిచాక ధర్మరాజు అన్న మాట

జయోఽయమజయాకారో భగవన్ ప్రతిభాతి మే

"స్వామీ, ఈ గెలుపు నాకు ఓటమిలాగే కనిపిస్తోంది." శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు నారదుడితో అన్న మాట ఇది. రాజ్యం దక్కింది, సంతోషమేనా అని అడిగితే వచ్చిన జవాబు.

యుద్ధానికి ముందు అర్జునుడికి నోరెండడం, ఒళ్ళు వణకడం, గాండీవం జారిపోవడం మనందరికీ తెలుసు. యుద్ధం అయ్యాక అన్నగారు పడ్డ బాధ దగ్గర మాత్రం మనం ఎక్కువసేపు ఆగం. పద్దెనిమిదో రోజు దాటితే చాలు, పట్టాభిషేకానికి వచ్చేస్తాం.

వ్యాసుడు అంత తొందరపడలేదు. తర్పణాలు వదిలాక పాండవులు నెల రోజులు ఊరి బయట గంగ ఒడ్డునే ఉన్నారు. శాస్త్రం దాన్ని మైల అంటుంది. చంపిన చేతులతో గడప తొక్కే ముందు మనిషికి ఆ వ్యవధి కావాలేమో అని నాకనిపిస్తుంది. వియత్నాం నుంచి వచ్చిన అమెరికా సైనికుల్లో చాలామందికి అది దొరకలేదు. విమానమెక్కి, యుద్ధం ఇంకా ఒంట్లో ఉండగానే ఇంటికి చేరారు. వాళ్ళు పడ్డ అవస్థకి 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని వ్యథ) అన్న పేరు వైద్యశాస్త్రంలోకి వచ్చింది. వాళ్ళకి వైద్యం చేసిన జొనాథన్ షే ఇంకో దెబ్బనీ గుర్తించాడు, దాన్నే మోరల్ ఇంజురీ అంటున్నారు. ప్రాణభయం వేరు, చెయ్యకూడనిది చేశానన్న బాధ వేరు.

ధర్మరాజుది ఈ రెండోదే. నారదుడికి కర్ణుడి గురించి చెబుతూ పాదాలు గుర్తు చేసుకుంటాడు. జూదం ఆడిన సభలో కర్ణుడి మాటలకి కోపం వచ్చినా, అతని పాదాలు చూడగానే చల్లారిపోయేదట. అవి అచ్చం అమ్మ పాదాల్లా ఉండేవి. ఎందుకో అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి తర్పణాల వేళ అయింది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. భీముడు విసుక్కున్నాడు, అర్జునుడు వాదించాడు. ద్రౌపది అయితే, దారి తప్పినవాడికి ధూపాలు, అంజనాలు, నస్యాలు పెట్టి వైద్యం చెయ్యాలంది! అందరూ చెప్పింది ఒకటే, అది ధర్మయుద్ధం, నీ తప్పు లేదని. నిజమే. అయినా ఆయనకి తగ్గలేదు. తప్పు లేదనడం, బాధ లేదనడం ఒకటి కాదు కదా.

చివరికి కృష్ణుడు ఆయన్ని భీష్ముడి దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడా సిగ్గుతో, శపిస్తాడేమోనన్న భయంతో ముందుకు రాలేకపోయాడు. తాతని అంపశయ్య మీదికి చేర్చింది తామేగా! ఎలాగో వెళ్ళి పాదాలు పట్టుకున్నాడు. ఒళ్ళంతా బాణాలతో ఉన్న ఆ తాత, పసివాణ్ణి దగ్గరికి తీసుకున్నట్టు మనవడి శిరస్సు మూర్కొని, "కూర్చో" అన్నాడు. "భయపడకు నాయనా, నిస్సంకోచంగా అడుగు."