ఉబుంటు 24.04లో గ్రాఫిక్స్ ప్యాకేజీలు: ఎక్కించడం అయింది, తీసేయడం నడుస్తోంది

మెషీన్: సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) షాపుల్లో దొరికే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ. పని: బోనాల ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు. డిస్క్ చిన్నది కాబట్టి ప్యాకేజీ ఎక్కించడం ఎంత ముఖ్యమో, వద్దనుకున్నది పూర్తిగా తీసేయడమూ అంతే ముఖ్యం. ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో ప్యాకేజీ అంటే ఎక్కించుకునే ప్రోగ్రామ్ మూట. ఆప్ట్ దాన్ని దింపుతుంది, దాని కింద డీపీకేజీ ఎక్కిస్తుంది. గింప్ ఫోటోలు దిద్దడానికి, ఇంక్‌స్కేప్ బొమ్మలు, అక్షరాలు గీయడానికి, ఇమేజ్‌మ్యాజిక్ కమాండ్లతో బొమ్మల ఫైళ్లు మార్చడానికి. కింది కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గింప్ ఇంక్‌స్కేప్ ఇమేజ్‌మ్యాజిక్ ఫాంట్స్-తెలు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా

చివరి ప్యాకేజీలో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. ఇంక్‌స్కేప్ అప్పటికే తెరిచి ఉంటే జాబితాలో కనబడకపోవచ్చు, మూసి తెరవాలి.

సిస్టమ్ ఆన్ చేయగానే కమాండ్ కొడితే లాక్ (ఒకేసారి రెండు ప్రోగ్రాములు ప్యాకేజీలు మార్చకుండా ఆపే తాళం) దొరకలేదనే సందేశం రావచ్చు. అప్పుడు ఆటోమేటిక్ అప్‌డేట్లు వెనకాల నడుస్తూ ఉంటాయి. కాసేపు ఆగితే చాలు. లాక్ ఫైలు చెరిపేయమనే సలహా మాత్రం పాటించొద్దు, రెండు పనులు ఒకేసారి రాస్తే ప్యాకేజీల డేటాబేసే పాడవుతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ కూడా నిలబడకపోతే, మళ్లీ ఆన్ చేశాక సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ కొట్టాలి. సగంలో ఆగిన ప్యాకేజీల అమరికను అది పూర్తి చేస్తుంది.

తీసేసే ముందు ఉత్తుత్తి పరుగు తప్పనిసరి:

ఆప్ట్ -ఎస్ రిమూవ్ ఇమేజ్‌మ్యాజిక్

ఇది దేన్నీ ముట్టుకోదు. ఆర్, ఈ, ఎమ్, వీ అక్షరాలతో మొదలయ్యే ప్రతి లైనూ చదవాలి, పోబోయేవి అవే. ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్‌కూ ఇదే పద్ధతి. మెటాప్యాకేజీతో (కొన్ని ప్యాకేజీలను కలిపి తెచ్చే ఖాళీ ప్యాకేజీ) వచ్చినవాటిలో ఒకదాన్ని తీస్తే, దానిపై ఆధారపడే మెటాప్యాకేజీ కూడా పోవచ్చు. ఆ తర్వాత మిగతావి ఆటోరిమూవ్ కంటికి అనాథలు కావచ్చు. ఉంచుకోవలసినవాటికి ముందే సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ గింప్ ఇంక్‌స్కేప్ అని ముద్ర వేయాలి.

అన్నిటికన్నా చిక్కు ఇమేజ్‌మ్యాజిక్ దగ్గర. పీడీఎఫ్ మార్చనివ్వని నియమం ఎట్సీలోని (సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్) పాలసీ ఫైల్లో ఉంటుంది. చాలామంది దాన్ని దిద్దుతారు. తర్వాత ఇమేజ్‌మ్యాజిక్‌ను పర్జ్ చేసి (సెట్టింగులతో సహా తీసేసి) మళ్లీ ఎక్కించినా దిద్దిన ఫైలే ఉంటుంది. ఎందుకంటే ఆ ఫైలు ఇమేజ్‌మ్యాజిక్ ప్యాకేజీది కాదు, ఇమేజ్‌మ్యాజిక్-6-కామన్ అనే ప్యాకేజీది. ఇంక్‌స్కేప్ కూడా ఇమేజ్‌మ్యాజిక్ లైబ్రరీల మీదే నడుస్తుంది కాబట్టి కామన్ ఎక్కడికీ పోదు. ఫైలు చెరిపి రీఇన్‌స్టాల్ చేసినా తిరిగి రాదు, మనమే కావాలని తీసేశామని డీపీకేజీ అనుకుంటుంది. చెరిపాక ఇలా కొడితేనే అసలు ఫైలు వస్తుంది:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌మిస్" ఇమేజ్‌మ్యాజిక్-6-కామన్

రిమూవ్‌కు, పర్జ్‌కు తేడా డీపీకేజీ -ఎల్ జాబితాలో తెలుస్తుంది. మొదటి గడిలో ఆర్‌సీ అని ఉంటే ప్రోగ్రామ్ పోయింది, ఎట్సీలో సెట్టింగులు మిగిలాయి. పర్జ్ వాటినీ తీసేస్తుంది, కానీ హోమ్ ఫోల్డర్ జోలికి అదీ రాదు.

ఆప్ట్‌లో గింప్ 2.10 మాత్రమే ఉంది. 2025 మార్చిలో వచ్చిన 3.0 వరుస కావాలంటే ఫ్లాట్‌పాక్ (ఆప్ట్‌తో సంబంధం లేకుండా యాప్‌లు ఎక్కించే పద్ధతి) దారి. దాని యాప్ స్టోర్ ఫ్లాట్‌హబ్ నుంచి మొదటి యాప్‌తో పాటు రన్‌టైమ్ (యాప్‌లు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్లు) కూడా దిగుతుంది. అది వందల ఎంబీ, మొబైల్ హాట్‌స్పాట్ మీద పెట్టుకోవద్దు. తీసేటప్పుడు ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ తర్వాత --అన్‌యూజ్డ్‌తో ఇంకోసారి కొట్టాలి, లేకపోతే రన్‌టైమ్ అలాగే కూర్చుంటుంది. గింప్ సెట్టింగులు హోమ్‌లో డాట్ కాన్ఫిగ్ కింద గింప్ ఫోల్డర్‌లో, వెర్షన్‌కొకటి చొప్పున ఉంటాయి. బ్రష్‌లు అక్కడే ఉంటాయి, కాబట్టి కాపీ తీసుకున్నాకే చెరపాలి.

ఉబుంటు సొంత యాప్ పద్ధతి అయిన స్నాప్‌లో రిమూవ్ కొడితే డేటా స్నాప్‌షాట్‌గా (దాచిన కాపీగా) మామూలుగా 31 రోజులు డిస్క్ మీదే ఉంటుంది. అప్పుడే స్థలం కావాలంటే --పర్జ్ జోడించాలి.

మిగిలింది: సుడో ఆప్ట్ క్లీన్‌తో దిగిన డెబ్ (ప్యాకేజీ) ఫైళ్లు ఖాళీ చేసి, డీఎఫ్ -హెచ్‌తో చోటు చూసుకుని, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ కృతా ఎక్కించడం.