కామా లేని చిరునామా

చిరునామాల పట్టిక నుంచి ఊరి పేర్లను విడదీసే పని ఈ మధ్య నాకు పడింది. ప్రతి వరుసలోనూ మొదట ఊరు, కామా, ఆపైన జిల్లా ఉంటాయన్న నమ్మకంతో, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోని స్ట్ర్‌పాస్ ఫంక్షన్‌తో కామా స్థానాన్ని కనుక్కొని, అందులోంచి ఒకటి తీసివేసి, అంతవరకూ ఉన్న పాఠాన్ని లెఫ్ట్ ఫంక్షన్‌తో తీసుకున్నాను. చాలా వరుసలు సరిగానే వచ్చాయి. కొన్నింటిలో మాత్రం శ్రీకాకుళం ‘శ్రీకాకుళ’ అయింది, ఒంగోలు ‘ఒంగోల’ అయింది.

ఆ వరుసల్లో కామా లేదు. వెతికిన ముక్క దొరకనప్పుడు స్ట్ర్‌పాస్ సున్నా ఇస్తుంది. ఒకటి తీసివేస్తే మైనస్ ఒకటి మిగులుతుంది. లెఫ్ట్‌కు రుణసంఖ్య ఇస్తే పోస్ట్‌గ్రెస్ తప్పు చూపదు, ఆ సంఖ్య ఎంతో అన్నే అక్షరాలను చివరి నుంచి వదిలేసి మిగిలినదంతా ఇస్తుంది. ఇదే పనికి సబ్‌స్ట్రింగ్‌ను వాడి ఉంటే, రుణ పొడవు చెల్లదని అక్కడికక్కడే ఆగిపోయేది. అలా ఆగిపోవడమే మేలని నా అభిప్రాయం. వెతికే ముందు పాఠం చివర ఒక కామాను అతికించడంతో ఈ చిక్కు తీరింది.

ఆ పేర్ల చివర పోయినది శ్రీకాకుళంలో సున్నా (ం), ఒంగోలులో కొమ్ము (ు) మాత్రమే కావడానికి కారణం ఉంది. డేటాబేస్ లెక్కించేది మన అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను, అంటే కంప్యూటర్‌లో లిపులను రాసే ప్రమాణంలో ఒక్కొక్క గుర్తుకూ ఇచ్చిన సంఖ్యలను. శ్రీకాకుళంలో మనకు కనిపించేవి నాలుగు అక్షరాలే అయినా, శ, పొల్లు, ర, దీర్ఘం విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక మొత్తం పది సంకేతాలు ఉన్నాయి. అందులో ‘కాకుళం’ అని వెతికితే జవాబు 2 కాదు, 5. ఒరాకిల్ అనే మరో డేటాబేస్‌లో సంకేతాలకు బదులు బైట్లను లెక్కించే ఇన్‌స్టర్‌బి ఫంక్షన్‌ను, యూటీఎఫ్-8 పద్ధతిలో నిల్వ చేసిన పాఠం మీద వాడితే అదే జవాబు 13, ఎందుకంటే ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇలా స్థానాన్ని వెతికే ఫంక్షన్లలో, లొకేట్‌కు వెతికే ముక్కను పాఠం కన్నా ముందు ఇవ్వాలి, ఇన్‌స్టర్‌కు పాఠం తరువాత ఇవ్వాలి. తారుమారు చేస్తే తప్పు చూపకుండా సున్నా వస్తుంది.

మహబూబ్‌నగర్ విషయంలో మరో జాగ్రత్త అవసరమైంది. కొందరు ‘బ్’ తరువాత, యూనికోడ్‌లో 200సి సంఖ్య గల, కంటికి కనిపించని విడదీసే సంకేతాన్ని కొడతారు, కొందరు కొట్టరు. ఒక రూపాన్ని వెతికితే రెండవది దొరకదు. అందువల్ల వెతికే ముక్కలోనూ, పాఠంలోనూ ఆ సంకేతాన్ని తీసివేసి వెతుకుతున్నాను. అలా దొరికిన స్థానం శుభ్రం చేసిన పాఠానికే చెల్లుతుంది కనుక, ఆ పాఠాన్నే కోస్తాను, మూలాన్ని కాదు.