మట్టికి రక్తపరీక్ష

"మట్టికి గూడ రక్తపరీక్షనా బిడ్డా?" అని నవ్విండు మా బాపు. పొద్దున పరకాల దగ్గర మా పత్తి చేలో మట్టి పరీక్ష కోసం జానెడు లోతున వీ ఆకారంలో గుంత తీస్తున్నా.

పది చోట్ల తీసిన నల్లరేగడిని పట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు పారేసి, మళ్లీ కలిపి... చివరికి మిగిలింది అరకిలో. నడుం మాత్రం పోయింది.

థాయ్‌లాండ్‌లో ఇలాంటి పని నేర్చుకుని తోటి రైతులకు సలహా చెప్పేవాళ్లను 'మో దిన్' అంటారని చెప్పా. అంటే మట్టి డాక్టరు. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ కూడా వేరే దేశాల్లో రైతుల్ని మట్టి డాక్టర్లుగా తయారుచేస్తోంది. 2012లో మొదలైన ప్రపంచ మట్టి భాగస్వామ్యం కింద వేర్వేరు దేశాల ల్యాబులు ఒకే మట్టిని పరీక్షించి, అంకెలు కలుస్తున్నాయా లేదా అని చూసుకుంటాయట.

బాపు అంతా విన్నాడు. "అన్ని దేశాలోళ్లు కలిసి చూస్తుండ్రు. మన మందుల షాపాయన చేను మొఖం చూడకుండనే రెండు బస్తాల యూరియా అంటడు గద!"

నాకు జవాబు దొరకలే. పోయినేడు ఆ రెండు బస్తాలు మోసుకొచ్చింది నేనే.

ఆ అరకిలో ఇప్పుడు వసారాలో నీడకు ఆరుతోంది. కోళ్లు కెలకకుండా బాపే కాపలా.